సముద్రంలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు: తీరాన మనవాళ్లున్న పాలమూరు, నల్గొండ ఇళ్లు చేయవలసిన పనులు

మహబూబ్‌నగర్ పట్టణం సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. నల్గొండ నుంచి దగ్గరి సముద్రం చూడాలంటే బాపట్ల వైపు నాలుగైదు గంటలు ప్రయాణం చేయాలి. కాబట్టి సముద్రం అడుగున ఎంత పెద్ద భూకంపం వచ్చినా దాని అల మన గడప దాకా రాదు. కానీ మన ఇళ్లలోని మనుషులు తీరాల్లో ఉన్నారు. మస్కట్‌లో మేస్త్రీ పనికి వెళ్లినవారు, టోక్యోలో ఉద్యోగం చేస్తున్నవారు, సియాటిల్‌లో చదువుకుంటున్న పిల్లలు, విశాఖలోనూ చెన్నైలోనూ కట్టుబడి పనులకు వలస వెళ్లిన పాలమూరు కూలీలు, కార్తీక మాసంలో సముద్ర స్నానానికి సూర్యలంక వెళ్లే కుటుంబాలు, వీరందరి కోసం ఇక్కడ ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు. టీవీలో ఎర్ర అక్షరాలు కనబడగానే ఆ ఎదురుచూసేవారు ఏం చేయాలి, అంతకంటే ముందుగా ఏం చేసి పెట్టుకోవాలి అన్నదే ఈ వ్యాసం. దూరాన ఉన్న ఇల్లు నిస్సహాయంగా టీవీ ముందు కూర్చోవలసిన పని లేదు. సరిగ్గా సిద్ధపడితే తీరాన ఉన్న మనిషికి అదే గట్టి ఆసరా అవుతుంది.

మనవాళ్లు ఏ తీరాన ఉన్నారు?

భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. కొన్ని చోట్ల సముద్రం కింది పలక పక్క పలక కిందికి ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున దూరుతుంది. ఈ చోట్లనే సబ్‌డక్షన్ జోన్లు అంటారు. దూరే పలక పై పలక అంచును కూడా పట్టుకుని కిందికి లాగుతుంది కాబట్టి, ఆ అంచు వెదురు బద్దలా వంగి వంగి, కొన్ని దశాబ్దాలకో కొన్ని శతాబ్దాలకో ఒక్కసారిగా విడివడి పైకి లేస్తుంది. అప్పుడు దాని మీదున్న నీరంతా కదిలి సునామీ అవుతుంది. ప్రపంచంలో నమోదైన అతి పెద్ద భూకంపాలు ఇలాంటి చోట్లనే వచ్చాయి: 1960లో చిలీలో 9.5 తీవ్రత, 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర 9.1, 2011 మార్చి 11న జపాన్ ఈశాన్య తీరాన 9 స్థాయిది, 2025 జూలైలో రష్యాలోని కమ్చత్కా దగ్గర 8.8.

భారతదేశానికి ముప్పు తేగల సబ్‌డక్షన్ జోన్లు ముఖ్యంగా రెండు. ఒకటి అండమాన్ నుంచి సుమత్రా, జావా వరకు సాగేది. మన తూర్పు తీరం దీనికి ఎదురుగా ఉంది. రెండవది పాకిస్తాన్, ఇరాన్ తీరాల వెంట ఉన్న మక్రాన్. 1945 నవంబర్‌లో అక్కడ 8.1 తీవ్రతతో భూకంపం, సునామీ వచ్చాయి. గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లు మక్రాన్ పేరు తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే ఒమన్ తీరం సరిగ్గా దానికి ఎదురుగా ఉంది. అక్కడ భూకంపం వస్తే మస్కట్, సూర్ తీరాలకు అల చేరడానికి నిమిషాలే పడుతుంది తప్ప గంటల వ్యవధి ఉండదు.

అమెరికా పడమటి తీరాన, కాలిఫోర్నియా ఉత్తర భాగం నుంచి కెనడా దాకా, కాస్కేడియా అనే జోన్ ఉంది. అది చివరిసారి 1700 జనవరి 26న, దాదాపు 9 తీవ్రతతో విడివడింది. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఊర్లు బయటి సముద్రానికి చాలా లోపలగా ఉన్నాయి, కాబట్టి అక్కడ మొదటి ప్రమాదం అల కాదు, నిమిషాల తరబడి సాగే ఊపు. అయితే వారాంతంలో స్నేహితులతో కలిసి ఓరెగన్ బీచికి వెళ్లిన పిల్లవాడికి పదిహేను, ఇరవై నిమిషాల్లోనే అల ఎదురుకావచ్చు. అందుకే మనవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలిస్తే చాలదు; ఈ వారం సముద్రానికి ఎంత దగ్గరలో ఉన్నాడో ఇంట్లో తెలిసి ఉండాలి.

వెళ్లే మనిషికి చెప్పి పంపవలసిన మాట

ఈ వ్యాసంలో అన్నింటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. తీరాన ఉన్నవారికి భూకంపమే హెచ్చరిక. సముద్రం దగ్గర నిలబడ్డ మనిషికి నేల గట్టిగా ఊగినా, మెల్లగానే అయినా ఇరవై సెకన్లకు మించి ఊగుతూనే ఉన్నా, ఇంకే కబురు కోసం చూడకుండా ఎత్తైన చోటికి నడవాలి. సైరన్ మోగలేదని ఆగకూడదు, ఫోన్‌కు సందేశం రాలేదని ఆగకూడదు, ఇంటి నుంచి నాన్న ఫోన్ చేస్తాడేమోనని అసలే ఆగకూడదు. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి అడుగు కనబడటం, రైలు వస్తున్నట్టు హోరు వినబడటం కూడా గుర్తులే. కానీ నీరు ప్రతిసారీ ముందు వెనక్కి పోదు, కొన్నిచోట్ల నేరుగా అలే వస్తుంది. కాబట్టి ఆ గుర్తు కోసం ఎదురుచూడటం ప్రమాదం.

ఈ ఒక్క జ్ఞానం ఎంతమందిని కాపాడగలదో సుమత్రా పక్కనున్న సిమెలూ దీవి చూపించింది. 1907లో వచ్చిన సునామీని అక్కడి పెద్దలు పాటల్లో, కథల్లో పిల్లలకు చెబుతూ వచ్చారు. 2004లో భూకంప కేంద్రానికి అతి దగ్గరలో ఉన్న జనావాసాల్లో అదొకటి. అల కొద్ది నిమిషాల్లోనే చేరింది. పదుల వేల జనాభాలో చనిపోయినవారు ఏడుగురు. అక్కడ సైరన్లు లేవు, హెచ్చరిక కేంద్రం లేదు. నేల ఊగింది, జనం కొండెక్కారు. అదే రోజు హిందూ మహాసముద్ర తీరాల్లో మొత్తం రెండు లక్షల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఉదయం 6 గంటల 28 నిమిషాలకు భూకంపం వస్తే, చెన్నైకి అల చేరేసరికి రెండు గంటలకు పైగా గడిచింది. అంత సమయం ఉండి కూడా చెప్పేవారు లేక మన దేశంలో పది వేల మందికి పైగా పోయారు. ఆంధ్ర తీరంలోనూ వంద మందికి పైగా చనిపోయారు.

ఊపు వస్తున్నంతసేపు పరుగెత్తకూడదు. కిందికి వంగి, బల్ల కిందికో మంచం పక్కకో చేరి, తల కాపాడుకుని, ఊపు తగ్గేదాకా పట్టుకుని ఉండాలి. తగ్గిన వెంటనే బయలుదేరాలి. కాలినడకన వెళ్లాలి, కార్లు, ఆటోలు ఎక్కితే దారి మూసుకుపోతుంది. అమెరికాలో సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం సముద్ర మట్టానికి 30 మీటర్ల ఎత్తుకు గానీ, తీరం నుంచి 3 కిలోమీటర్ల లోపలికి గానీ చేరాలి. అంత వ్యవధి లేకపోతే ఎంత ఎత్తు దొరికితే అంత ఎత్తు మంచిది. విశాఖలో కొండలు దగ్గరలోనే ఉన్నాయి. సూర్యలంక, చీరాల, మచిలీపట్నం వైపు నేలంతా చదును కాబట్టి అక్కడ లోపలికి నడవాలి, వీలుకాకపోతే గట్టి కాంక్రీటు భవనంలో మూడో అంతస్తుకు పైగా ఎక్కాలి. నది పక్కన ఉన్నవారు నదికీ దూరం కావాలి, ఎందుకంటే అల నదీముఖం గుండా లోపలికి వస్తుంది. 2011లో జపాన్‌లోని కిటకామి నది వెంట అది దాదాపు 50 కిలోమీటర్లు ఎగువకు పోయింది. హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు వెళ్లే మన యాత్రికులు ఈ మాట మరచిపోకూడదు.

ఎక్కాక దిగడం ఎప్పుడన్నది చాలామందికి తెలియదు, ప్రాణాలు ఎక్కువగా అక్కడే పోతాయి. సునామీ ఒక్క అల కాదు. పది నిమిషాలకో గంటకో ఒకటి చొప్పున గంటల తరబడి వస్తుంది, మొదటిదే పెద్దది కావాలని లేదు. 1960 చిలీ భూకంపం తర్వాత హవాయిలోని హీలో పట్టణంలో సైరన్లు గంటల ముందే మోగాయి. మొదటి అలలు చిన్నవిగా ఉండటంతో కొందరు ధీమా పడ్డారు. ఆ తర్వాత వచ్చిన పెద్ద అలకు 61 మంది చనిపోయారు. సామాన్లకోసమో, పాస్‌పోర్టుకోసమో, సముద్రం ఎలా ఉందో చూద్దామనో దిగకూడదు. అక్కడి అధికారులు ప్రమాదం తొలగిందని ప్రకటించేదాకా పైనే ఉండాలి.

గోడ మీద ఒక కాగితం

ఇంట్లో క్యాలెండర్ పక్కన ఒక కాగితం అంటించి ఉంచితే మంచిది. ఫోన్‌లో నంబర్లున్నాయి కదా అనిపిస్తుంది కానీ, ఆ వేళ చేతులు వణుకుతుంటే ఫోన్‌లో వెతకడం కష్టం, పైగా ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేం. దాని మీద మనవాడి పేరు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాల ప్రకారం, పాస్‌పోర్టు నంబరు, ఉండే చిరునామా పూర్తిగా, పనిచేసే కంపెనీ లేదా కాలేజీ పేరు, అతని గదిలో ఉండే ఇద్దరి నంబర్లు, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం అత్యవసర నంబరు రాయాలి. ఆ నంబరును రాయబార కార్యాలయం సొంత వెబ్‌సైటులోనే చూసి రాసుకోవాలి, ఎవరో పంపిన సందేశంలోంచి కాదు. కాంట్రాక్టరు వెంట వెళ్లిన కూలీల విషయంలో ఈ వివరాలు దొరకడం కష్టమే. గుంపు మేస్త్రీ నంబరైనా, పని జరుగుతున్న సైటు పేరైనా, అది ఏ మండలంలో ఉందోనైనా తప్పనిసరిగా అడిగి రాసుకోవాలి. బయలుదేరే రోజు బస్టాండులో అడిగినా చెబుతారు. ఆపద వచ్చాక చెప్పేవారు ఉండరు.

అదే కాగితం మీద ఊర్లో మాట్లాడవలసిన ఒక్క మనిషి పేరు నిర్ణయించి రాయాలి. భూకంపం వచ్చిన ఊర్లో లోపలి కాల్స్ కలవకపోయినా, దూరపు ఊరికి చిన్న సందేశం వెళ్లే అవకాశం ఎక్కువ. కాబట్టి జపాన్‌లో వేర్వేరు ఊర్లలో ఉన్న అన్నదమ్ములిద్దరూ ఒకరికొకరు ఫోన్ చేసుకునే బదులు, ఇద్దరూ మిర్యాలగూడలో ఉన్న మేనమామకు ఒక్కో సందేశం పంపితే చాలు. ఆయన ఇద్దరికీ రెండో వారి క్షేమం తెలియజేస్తాడు. మన ఇల్లు దూరంగా ఉండటమే ఇక్కడ బలం.

మొదటి పది నిమిషాలు

వార్త కనబడగానే నాలుగు సంగతులు చూడాలి: ఎక్కడ, ఎంత పెద్దది, ఎంత లోతున, ఏ సమయానికి.

భూకంపం పరిమాణాన్ని (వార్తల్లో తీవ్రత అనేది ఇదే) చూపే అంకెలో ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. 6కూ 8కీ తేడా రెండే అనిపించినా శక్తిలో అది దాదాపు వెయ్యి రెట్లు. అండమాన్ వైపు 4, 5 స్థాయి భూకంపాలు తరచుగా వస్తూనే ఉంటాయి, వాటి గురించి ఆందోళన పడనక్కరలేదు. సముద్రం కింద 6.5 దాటితే శ్రద్ధగా చూడాలి, 7.5 దాటితే తీరాన ఉన్న మనవాళ్లు ఎత్తుకు చేరారా లేదా అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

మొదట చెప్పే అంకె మారుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు. చాలా పెద్ద భూకంపంలో పగులు వందల కిలోమీటర్లు సాగడానికే నిమిషాలు పడుతుంది, దాన్ని పూర్తిగా కొలవడానికి ఇంకా సమయం కావాలి. 2011లో జపాన్ వాతావరణ సంస్థ మొదట 7.9 అని లెక్కగట్టి మూడు నిమిషాల్లో హెచ్చరిక ఇచ్చింది. చివరికది 9 అని తేలింది. అలల ఎత్తు మొదట తక్కువగా అంచనా వేసి తర్వాత పెంచవలసి వచ్చింది. కమ్చత్కా భూకంపం విషయంలోనూ మొదట 8.0 అన్నది 8.8 దాకా పెరిగింది. కాబట్టి మొదటి అంకె చూసి గుండెల మీద చేయి వేసుకోకూడదు.

లోతు కూడా చూడాలి. యాభై, అరవై కిలోమీటర్ల లోపు లోతున వచ్చినవి సముద్రపు అడుగును కదిలించగలవు. వందల కిలోమీటర్ల లోతున వచ్చినవాటికి సాధారణంగా పెద్ద సునామీ రాదు. పలకలు ఏ తీరుగా కదిలాయన్నదీ ముఖ్యమే. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పడమర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. మన తూర్పు తీర నగరాల్లో జనం భవనాల్లోంచి బయటికి వచ్చారు, హెచ్చరికలు వెలువడ్డాయి, అయినా పెద్ద అల రాలేదు. అక్కడ పలకలు పైకీ కిందికీ కాక పక్కపక్కగా జరిగాయి, అందువల్ల నీరు పెద్దగా పైకి లేవలేదు. 2024 డిసెంబర్ 5న కాలిఫోర్నియా తీరాన వచ్చిన 7.0 భూకంపమూ అలాంటిదే. సునామీ హెచ్చరిక ఇచ్చి, గంటకు పైగా గడిచాక ఉపసంహరించారు. అంత మాత్రాన ఆ హెచ్చరికలు వృథా అనుకోకూడదు. అల వస్తుందో రాదో తేలేదాకా కొండ మీద గంటసేపు కూర్చోవడం వల్ల పోయేదేమీ లేదు.

సమయం దగ్గర చాలామంది తికమకపడతారు. విదేశీ ప్రకటనల్లో సమయాన్ని యూటీసీ అని, అంటే ప్రపంచమంతా ఉమ్మడిగా వాడే ప్రామాణిక సమయంలో ఇస్తారు. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది. కమ్చత్కా భూకంపం యూటీసీ ప్రకారం జూలై 29 రాత్రి 11 గంటల 24 నిమిషాలకు వచ్చింది. అంటే మనకు జూలై 30 తెల్లవారుజామున 4 గంటల 54 నిమిషాలు. తేదీ కూడా మారిందని గమనించాలి. లేకపోతే ఒకే భూకంపాన్ని రెండు రోజుల్లో రెండు భూకంపాలు వచ్చాయని అనుకునే ప్రమాదం ఉంది. జపాన్ సమయం మనకంటే మూడున్నర గంటలు ముందు. ఒమన్ సమయం గంటన్నర వెనుక.

జపాన్‌లో ఉన్నవారి ఇళ్లకు మరొక్క మాట. అక్కడి టీవీలో కనబడే 5, 6, 7 అంకెలు భూకంపం మొత్తం పరిమాణం కాదు, ఒక్కొక్క ఊర్లో నేల ఎంత ఊగిందో చెప్పే షిండో అంకెలు. అందులో 7 అన్నదే అన్నింటికంటే ఎక్కువ. మన పిల్లవాడున్న ఊరి పక్కన 3 అని ఉంటే అక్కడ సామాన్లు కదిలాయి, అల్మారాలోని గిన్నెలు గలగలమన్నాయి, అంతే. 6 అని ఉంటే నిలబడటమే కష్టం.

హైదరాబాద్ నుంచి వెలువడే ప్రకటన

2004 తర్వాత మన దేశం ఏర్పాటు చేసుకున్న సునామీ హెచ్చరిక కేంద్రం మనకు దగ్గరలోనే, హైదరాబాద్ ప్రగతినగర్‌లో సముద్ర సమాచారం అందించే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ ఆవరణలో, 2007 అక్టోబర్ నుంచి రాత్రింబవళ్లు పనిచేస్తోంది. హిందూ మహాసముద్రంలో 6.5 లేదా అంతకు మించిన భూకంపం వస్తే పది నిమిషాల ప్రాంతంలో మొదటి ప్రకటన వెలువడుతుంది. అందులో భూకంపం వివరాలే ఎక్కువగా ఉంటాయి. తర్వాతి ప్రకటనల్లో ఏ తీరానికి ఎంత ముప్పో, అల ఎప్పుడు చేరవచ్చో చెబుతారు. నడిసముద్రంలో నీటి అడుగున అమర్చిన పీడన పరికరాలు, తీరాల్లోని నీటిమట్టం కొలిచే పరికరాలు అల నిజంగా పుట్టిందని చూపాక లెక్కలను సరిచేస్తారు. ఆఖరున ముప్పు తొలగిందన్న ప్రకటన వస్తుంది.

ముప్పును మూడు మెట్లుగా చెబుతారు. వార్నింగ్ అంటే అల రెండు మీటర్లు దాటవచ్చు, తీరప్రాంతం నుంచి జనాన్ని ఎత్తైన చోట్లకు తరలించాలి. అలర్ట్ అంటే అర మీటరు నుంచి రెండు మీటర్ల దాకా, తీరం, బీచి ఖాళీ చేయాలి. వాచ్ అంటే అంతకంటే తక్కువ, అప్రమత్తంగా ఉంటే చాలు. ఈ మెట్టు దేశమంతటికీ ఒకటే ఉండదు, ఒక్కొక్క తీర భాగానికి వేరుగా ఇస్తారు. నికోబార్‌కు వార్నింగ్ ఉన్నప్పుడు కృష్ణా జిల్లాకు వాచ్ ఉండవచ్చు. టీవీ చానల్ 'భారత్‌కు సునామీ హెచ్చరిక' అని మాత్రమే చూపిస్తే, ఇన్‌కాయిస్ వెబ్‌సైటులో మనవాళ్లున్న జిల్లా పేరు వెతికి చూడాలి.

అలకు ఎంత సమయం పడుతుందో సుమారుగా మనమే ఊహించుకోవచ్చు. నాలుగు వేల మీటర్ల లోతున్న సముద్రంలో సునామీ గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది. సుమత్రా, అండమాన్ వైపు పుట్టిన అలకు మన తూర్పు తీరం చేరడానికి రెండు మూడు గంటలు పడుతుంది. విశాఖలో ఉన్న కూలీకి మనం ఇంటి నుంచి చేసే ఫోన్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. దూరపు భూకంపం కాబట్టి అతనికి నేల ఊగినట్టు తెలియకపోవచ్చు, సైటులో టీవీ ఉండదు. అదే నికోబార్, మస్కట్, జపాన్ తీరాల్లో ఉన్నవారి విషయంలో మన ఫోన్ ఎప్పుడూ ఆలస్యమే. వారిని ముందే నేర్పిన పాఠం తప్ప ఇంకేదీ కాపాడదు.

ఏం పంపాలి, ఎలా పంపాలి

ఇంటిల్లిపాదీ ఒకేసారి ఫోన్లు చేయకూడదు. టవర్లు మిగిలినవి కొన్నే అయినప్పుడు ఒక్కో కాల్ ఇంకొకరి అంబులెన్స్ కాల్‌ను ఆపవచ్చు. పైగా పది మంది పలకరిస్తే అక్కడి మనిషి ఫోన్ చార్జింగ్ అయిపోతుంది. ఇంట్లో నిర్ణయించిన ఒక్కరే చిన్న సందేశం పంపాలి. ప్రశ్నలు అడగకూడదు, చేయవలసినది చెప్పాలి. విశాఖలో ఉన్న బావకు రాసేది ఇలా ఉంటే చాలు:

'బావా, అండమాన్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. సముద్రం ఒడ్డున ఉంటే ఇప్పుడే కొండ వైపు నడువు. గుంపులో అందరినీ తీసుకపో. చేరినాంక ఎక్కడున్నవో ఒక్క మాట రాయి. ఫోన్ చేయకు.'

అల ముప్పు ఉన్న చోట నిలబడ్డవారికి 'ఎట్లున్నవు, తిన్నవా, భయంగ ఉందా' అన్న ప్రశ్నలు ఎంత ప్రేమతో అడిగినా అడ్డమే. జవాబులో రావలసిన సంగతులు మూడు: క్షేమమా, ఎక్కడ ఉన్నాడు, మళ్లీ ఎప్పుడు రాస్తాడు.

వాట్సాప్‌లో ఒక్క టిక్కే పడితే సందేశం ఇక్కడి నుంచి వెళ్లింది, ఆ ఫోన్‌కు చేరలేదని అర్థం. కరెంటు పోయిందనో, టవరు ఆగిందనో, చార్జింగ్ లేదనో దాని భావం. మనిషికి ఏదో జరిగిందని కాదు. పెద్ద భూకంపాల తర్వాత ఇలా ఒకటి రెండు రోజులు ఉండటం మామూలే. ఈ మాటను ఇంట్లో ఉన్న తల్లికి, భార్యకు ముందే నెమ్మదిగా చెప్పి ఉంచడం అవసరం. ఒక్క టిక్కును చూస్తూ రాత్రంతా గడిపే ఇల్లు ఎంత నలిగిపోతుందో గల్ఫ్ కుటుంబాలకు చెప్పనక్కరలేదు. వాట్సాప్ ఆగినప్పుడు మామూలు ఎస్సెమ్మెస్ చేరే అవకాశం ఉంది, అదీ పంపి చూడాలి. జపాన్‌లో 171 నంబరుకు ఫోన్ చేసి సందేశం రికార్డు చేసే ఏర్పాటు ఉంది, దాని వెబ్ రూపం మన దగ్గర నుంచి కూడా చూడవచ్చు. వెళ్లిన పిల్లలు దాన్ని ముందే వాడి చూసి ఉండాలి.

ఒక రోజు గడిచినా జవాబు రాకపోతే గోడ మీది కాగితం తీయాలి. గదిలోని స్నేహితులకు, ఆ తర్వాత కంపెనీకి లేదా కాలేజీకి, ఆపైన రాయబార కార్యాలయానికి తెలియజేయాలి. తెలంగాణ ప్రభుత్వ ఎన్నారై విభాగానికీ, జిల్లా కలెక్టరేటుకూ అవే వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. దేశంలోపల అయితే 112కు గానీ, విపత్తు సహాయానికి ఉన్న 1070కి గానీ ఫోన్ చేయవచ్చు. వేరే రాష్ట్రంలోని 1070 కావాలంటే ఆ రాష్ట్రం ఎస్టీడీ కోడ్ కలిపి చేయాలి.

పుకార్లు

భూకంపం వచ్చిన గంటలోనే పాత వీడియోలు తిరుగుతాయి. 2011 జపాన్ దృశ్యాలు ప్రతి కొత్త భూకంపానికీ కొత్త పేరుతో వస్తుంటాయి. ఊరు పేరు, తేదీ, సమయం లేని వీడియోను ఇంటి గ్రూపులో పెట్టకూడదు. అది చూసి ఒక తల్లి తన కొడుకున్న ఊరే మునిగిందనుకుంటుంది. ఫలానా రోజు, ఫలానా గంటకు భూకంపం వస్తుందని చెప్పగలిగే శాస్త్రం ఇప్పటికీ లేదు, కాబట్టి అలాంటి సందేశం ఎవరి పేరు మీద వచ్చినా అబద్ధమే. జపాన్ ప్రభుత్వం ఎప్పుడైనా 'పెద్ద భూకంపం అవకాశం పెరిగింది' అని ప్రకటిస్తే అది వేరు; 2024 ఆగస్టు 8న 7.1 భూకంపం తర్వాత అలాంటి సూచన ఇచ్చి, వారం తర్వాత ఎత్తివేశారు. అది జోస్యం కాదు, సిద్ధంగా ఉండమని చెప్పడం. సునామీ కృష్ణ గుండా నాగార్జునసాగర్ దాకా వస్తుందన్న మాట కూడా అప్పుడప్పుడు వినబడుతుంది. ప్రకాశం బ్యారేజీ, పులిచింతల దాటి అంత ఎత్తుకు ఏ సునామీ రాదు.

అయితే అధికారులు చెప్పిన మాటే ఎప్పుడూ చివరి మాట అనుకోవడానికీ వీలులేదు. 2010 ఫిబ్రవరి 27న చిలీలో 8.8 భూకంపం తర్వాత సునామీ హెచ్చరికను తొందరపడి ఉపసంహరించారు, తర్వాత వచ్చిన అలలకు తీరంలో మనుషులు చనిపోయారు. నిమిషాల పాటు నేల ఊగడాన్ని తానే అనుభవించిన మనిషి, ముప్పు లేదని అరగంటకే ఎవరైనా చెప్పినా, కొన్ని గంటలు పైనే ఉండటం మేలు.

తర్వాతి రోజులు

పెద్ద భూకంపం తర్వాత వారాలు, నెలలపాటు దానికంటే చిన్నవి వస్తూనే ఉంటాయి. వాటిలో కొన్ని 7 దాటవచ్చు, వాటికీ సునామీ రావచ్చు. పగిలిన భవనంలోకి మనవాడు వెళ్లకుండా చూడాలి. కంపెనీ మళ్లీ పనిలోకి రమ్మన్నప్పుడు, తీరాన ఉన్న సైటు అయితే, ఎత్తైన చోటికి దారి ఏదో అడిగి తెలుసుకున్నాకే వెళ్లమనాలి. డబ్బు పంపవలసి వస్తే అతని సొంత ఖాతాకే పంపాలి. సహాయం పేరుతో వచ్చే కొత్త నంబర్లకు పాస్‌పోర్టు ఫొటోలు పంపకూడదు.

మన నేల ఊగినప్పుడు

దూరపు సముద్ర భూకంపం వార్త విన్న వారంలోనే ఇక్కడ చిన్న ఊపు వస్తే, రెండింటికీ సంబంధం ఉందేమోనని జనం భయపడతారు. దక్కన్ పీఠభూమిలో వచ్చే భూకంపాలు ఇక్కడి పాత పగుళ్ల వెంట వచ్చేవే. 2020 జనవరి 26 తెల్లవారుజామున పూర్వపు నల్గొండ జిల్లాలోని చింతలపాలెం, పులిచింతల ప్రాంతంలో 4.6 తీవ్రతతో నేల ఊగింది. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగులో వచ్చిన 5.3 భూకంపం హైదరాబాద్‌లోనూ తెలిసింది. ఇలాంటివి ఇక్కడ సునామీ తేలేవు, కానీ రాతి గోడలు, మట్టి మిద్దెలు కూల్చగలవు. పెంకుటింట్లో లేదా మిద్దె ఇంట్లో, ద్వారం రెండడుగుల దూరంలో ఉంటే బయటికి పోయి గోడలకు, కరెంటు తీగలకు దూరంగా నిలబడాలి. కాంక్రీటు ఇంట్లో ఉంటే మెట్ల మీదికి పరుగెత్తకుండా బల్ల కిందికి చేరాలి. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ ఆపాలి. మంచం మీద తల పెట్టుకునే వైపు అటక మీద ఇత్తడి బిందెలు, గంగాళాలు ఉంటే ఈ రోజే దించి కింద పెట్టాలి. జాతీయ భూకంప అధ్యయన కేంద్రం వారి భూకంప్ యాప్‌లో ఎంత తీవ్రతో, ఎక్కడ కేంద్రమో కొద్దిసేపట్లో తెలుస్తుంది, ఊపు తెలిసినవారు తమ అనుభవాన్నీ అందులో నమోదు చేయవచ్చు.